సగాయం చెయ్యి తగల్లేదు

"లేదు" అని ఒక్క మాట అన్నాను. అంతే. అది అనడానికి ఊపిరి కూడా పెద్దగా పట్టలేదు. ఆ మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నేను గోల్ఫ్ ఆడి బతికినదాన్ని. సంచీ భుజాన వేసుకుని ఎండలో మైళ్ళ కొద్దీ నడవడం నాకు కొత్త కాదు. కానీ సంచీని సాయంత్రానికి దించేస్తాం. దీన్ని దించడానికి చోటు దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అలా అయితేనే ఇది బయటికి వచ్చేట్టుంది.

దీన్ని తెలుగులో రాయడంలో కూడా ఒక పిరికితనం ఉంది. అదీ ముందే చెప్పేస్తాను. మాది తమిళనాడులో కోవిల్‌పట్టి వైపు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్ళకు తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. ఆట కోసం కొన్నేళ్ళు హైదరాబాదులో ఉన్నప్పుడు నేను అక్షరాలు నేర్చుకున్నాను. నా మాట వింటే అక్కడివాళ్ళు నవ్వేవాళ్ళు, మీ తెలుగు తాతల నాటిదండీ అని. అంటే, నేను ఎవరికి అన్యాయం చేశానో ఆమెకు ఇది చదవడం రాదు. చదవలేని మనిషి గురించి చాటుగా రాసుకోవడం ఏం ధైర్యం? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు రాయనివ్వలేదు.

ఆమె పేరు మాత్రం దాచను. దాచుకోవాల్సిన పని ఆమె ఏదీ చెయ్యలేదు. ఆమె సహాయ మేరి. మా నోళ్ళలో సగాయం.

మా నాన్నకు నాగలాపురం దగ్గర నల్లరేగడి భూమి ఉంది. వాన పడితే పత్తి, మిరప. పడకపోతే ఏమీ లేదు. పడని ఏళ్ళే ఎక్కువ కావడంతో ఆయన విరుదునగర్ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. మేం ఫ్యాక్టరీ కాలనీకి మారాం. సగాయం వాళ్ళ నాన్న అదే ఫ్యాక్టరీకి సున్నపురాయి తవ్వే క్వారీలో కూలీ. వాళ్ళింట్లోనూ తెలుగే మాట్లాడేవాళ్ళు. కానీ మాది భూమి ఉన్నవాళ్ళ తెలుగు, వాళ్ళది కూలికి పోయేవాళ్ళ తెలుగు. మా అవ్వ వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఈ సంగతి ఇక్కడ అనవసరం అనిపించవచ్చు. నాకూ చాలా కాలం అలాగే అనిపించింది.

కాలనీ వెనక ఆఫీసర్ల కోసం చిన్న గోల్ఫ్ మైదానం ఉండేది. గోల్ఫ్ అనగానే మీకు పచ్చటి పచ్చిక కళ్ళముందు మెదులుతుంది. మా నేలలో అంత నీరెక్కడిది? బంతిని గుంటలోకి దొర్లించే చోట మిగతా ఊళ్ళలో సన్నటి గడ్డి పెంచుతారు, గ్రీన్ అంటారు. మా దగ్గర అక్కడ ఇసుక పరిచి, వాడేసిన ఇంజన్ ఆయిల్ చల్లి, రోలర్‌తో అణగదొక్కేవాళ్ళు. దాన్ని బ్రౌన్ అనేవాళ్ళు. ఆదివారాల్లో సగాయం నాన్న ఆ బ్రౌన్లు చదును చేసేవాడు.

వేసవిలో నల్లనేల నెర్రెలు విచ్చేది. బంతి నెర్రెలో పడితే మోచేతి దాకా చెయ్యి పెట్టి తీయాలి. మేమిద్దరం మొదట అక్కడికి వెళ్ళింది ఆ పని మీదే. పామో తేలో ఉంటుందని నేను దూరంగా నిలబడేదాన్ని. సగాయం బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని చెయ్యి లోపలికి పెట్టేది. అది రాయో బంతో కప్పో ఆమె వేళ్ళే చెప్పేవి. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

ఫ్యాక్టరీ మేనేజరు గారి భార్య కర్ణాటకలో కొడగు వైపు ఆవిడ. ఆ కాలనీలో ఆడవాళ్ళలో గోల్ఫ్ ఆడేది ఆవిడ ఒక్కతే. మేం ఆవిడను మేడమ్ అనేవాళ్ళం. ఒక సాయంత్రం ఊరికే సరదాకి సగాయం చేతికి ఒక క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర, ఇచ్చింది. సగాయం సెలవుల్లో కోవిల్‌పట్టిలో మేనమామ ఇంటికి పోయి హాకీ ఆడేది. ఆ ఊళ్ళో పిల్లలకు నడక తర్వాత వచ్చేది హాకీయే కదా. ఆమె మణికట్టు అప్పటికే తయారై ఉంది. అది మాకెవరికీ తెలియదు.

క్లబ్ ఎత్తింది. దించింది. మధ్యలో ఏ తొందరా లేదు. ఎండుకొమ్మ విరిగినట్టు పొడి చప్పుడు. బంతి పోయింది. పోతూనే ఉంది. క్వారీ దుమ్ము మీద సాయంత్రపు ఎండ పడి ఆకాశం ఇటుక రంగులో ఉంది. అందులో ఆ తెల్లచుక్క పైకి పోయి, పైన కాసేపు నిలిచి, దిగాలా వద్దా అని ఆలోచించుకున్నట్టు ఉండి, మెల్లగా దిగింది. మేడమ్ కళ్ళద్దాలు తీసి సగాయం వైపు చూసింది. ఆమె చేతుల వైపు చూసింది. ఇంకో బంతి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది.

తర్వాత ఎన్నో దేశాల ఆటగత్తెలను దగ్గర నుంచి చూశాను. అలాంటి దెబ్బ మళ్ళీ చూడలేదు. ఒక మనిషి ఒంట్లో ఇంత అందం ఇంతకాలం చప్పుడు చెయ్యకుండా ఎలా దాక్కుందో అనుకున్నాను. కానీ నిజం అంతా చెప్పాలి కదా. ఆ అబ్బురంలోనే ఒక చిన్న ముల్లు ఉంది. సగాయమా? ఇది వచ్చింది సగాయానికా? రాయి కొట్టేవాళ్ళ పిల్లకా? నేను ఆ మాట పైకి అనలేదు. మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. అనుకోకుండానే దాన్ని అక్కడ ఉంచుకున్నాను.

మేడమ్ మా ఇద్దరికీ నేర్పింది. నేనూ బాగా ఆడాను. అందులో అబద్ధం లేదు. ఎండలో, అరచేతులు బొబ్బలెక్కేదాకా సాధన చేశాను. కానీ నాది కష్టపడి నేర్చుకున్న ఆట. ఆమెకు అది నేర్పాల్సిన పని లేకుండానే ఉంది. మేమిద్దరం ఆడితే ఆమె గెలిచేది. ఎప్పుడో ఒకసారి నేను గెలిస్తే నాకంటే ఆమే ఎక్కువ సంతోషించేది. దాన్ని నేను ఎలా భరించేదాన్నో ఇప్పుడు గుర్తు లేదు.

మాకు ఇరవై దాటాక, ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టూర్‌లో, అంటే ఏడాది పొడుగునా ఊరూరా తిరిగి డబ్బు కోసం ఆడే పోటీల్లో, చోటు కోసం జరిగే పోటీకి మేడమ్ ఇద్దరినీ పూణే దగ్గరికి తీసుకెళ్ళింది. అందులో పైవరసలో నిలిచిన కొద్దిమందికే ఆ ఏడాది టూర్‌లో ఆడే అవకాశం. చివరి రోజు సగాయం, నేను, ఇంకో అమ్మాయి ఒకే గుంపులో ఆడుతున్నాం. ఆట దాదాపు అయిపోవచ్చింది. మిగిలిన ఆఖరి చోటుకు సగాయం, నేను అటూ ఇటూగా ఉన్నాం. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్ళదే గెలుపు. అందులో ఆమె నాకంటే ఒక దెబ్బ ముందుంది.

ఆఖరి గుంటకు ముందు గుంట, మేం హోల్ అంటాం, ఆడుతున్నప్పుడు మా ఇద్దరి బంతులూ కుడివైపు పొడుగు గడ్డిలో పడ్డాయి. సగాయం ముందు వెళ్ళింది. గడ్డి పక్కకు తీసి, బంతి తనదేనని చూసుకుంది. బంతి ఒక గడ్డిదుబ్బు మీద ఎత్తుగా కూర్చుని ఉంది, కొట్టడానికి వీలుగా. ఆమె గుంటలో పాతిన జెండా ఏ వైపు ఉందో చూసుకోవడానికి వెనక్కి, దారి మధ్యకు నడిచింది. నా బంతి ఇంకా అవతల ఉంది. నేను సంచీ బండిని లాగుతూ ఆ పక్క నుంచే వెళ్ళాను.

నా బండి చక్రం ఆ దుబ్బుకు ఒరుసుకుంది. దుబ్బు వంగింది. బంతి జారి గడ్డి అడుగుకు దిగిపోయింది.

నేను చూశాను. కళ్ళారా చూశాను.

ఇక్కడ మీకు ఒక నియమం చెప్పాలి. గోల్ఫ్‌లో ప్రతి మనిషి వెంటా అంపైరు ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. తోటి ఆటగత్తె వల్ల బంతి కదిలితే ఎవరికీ శిక్ష లేదు. బంతిని తిరిగి ఉన్నచోట పెట్టి ఆడుకోవచ్చు. నేను చెయ్యెత్తి "నా బండి తగిలింది" అంటే చాలు. ఆమెకు నష్టం లేదు. నాకూ నష్టం లేదు. నిజం చెప్పడానికి అంతకంటే సులువైన చోటు ఈ లోకంలో ఉంటుందా? చాలామంది తప్పుడు పనులకు ఏదో ఒక భయం తోడుంటుంది. నాకు ఆ సాకు కూడా లేదు.

మొదటి క్షణంలో నోరు పెగల్లేదు. అది దురుద్దేశం కాదు, బిత్తరపాటు. అది నిజం. కానీ సగాయం తిరిగి వచ్చి, బంతి ముందు వంగి, అలాగే ఆగిపోయినప్పుడు, ఆమె ఏమనుకుంటోందో నాకు అర్థమైంది. తన చెయ్యి గడ్డిని కదిలించడం వల్లే బంతి దిగిందని అనుకుంటోంది. తన వల్ల కదిలితే ఒక దెబ్బ శిక్ష. ఆ రెండో క్షణం నాది. బిత్తరపాటుది కాదు.

ఆమె చెయ్యెత్తింది. దూరంగా చిన్న బండిలో ఉన్న రూల్స్ అధికారి వచ్చాడు. నా బంతి కదిలింది, నా వల్లే, అని ఇంగ్లీషులో తడబడుతూ చెప్పింది. కదలడం నువ్వు చూశావా అని ఆయన అడిగాడు. లేదంది. మరి నీ వల్లే అని ఎలా తెలుసు? ఇంకెవరైనా చూశారా? మూడో అమ్మాయి మైదానానికి అటు చివర ఉంది. సగాయం నా వైపు తిరిగి మా ఇంటి మాటలో అడిగింది.

"పందు ముందు పైన ఉండె. ఇప్పుడు కిందికి దిగి ఉంది. నా సెయ్యే తగిలుంటుంది. నువ్వు పక్కనే ఉంటివే, సూస్తివా?"

మేం బంతిని పందు అనే అంటాం.

"లేదు," అన్నాను. "నేను సూడలేదు."

"సరి," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరికీ ఆ మాటలు అర్థం కాలేదు. అధికారి నా ముఖం చూశాడు, నేను తల అడ్డంగా ఊపాను. ఆయన శిక్ష వేశాడు. సగాయం బంతిని తిరిగి దుబ్బు మీద పెట్టింది. ఆమె వేళ్ళు ఆ దుబ్బు మీద ఎంత నెమ్మదిగా, ఎంత జాగ్రత్తగా కదిలాయో ఇప్పటికీ కనబడుతుంది. తర్వాత అక్కడి నుంచి కొట్టిన దెబ్బకు బంతి జెండా పక్కన వాలింది. అధికారి తనకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశాడు. అంత అన్యాయం జరిగిన వెంటనే కూడా ఆమె ఆట అంత అందంగా ఉంది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ క్షణంలో కూడా ఆమె గెలవాలని నాలో ఒక భాగం కోరుకుంది.

ఆఖరి హోల్‌లో ఆమె గుంట దగ్గర తడబడింది. అంతకు ముందెప్పుడూ తడబడని చోట. నేను గట్టెక్కాను. ఒకే ఒక్క దెబ్బ తేడా. ఆ శిక్ష లేకపోతే ఇద్దరం సమానం. అప్పుడు మేమిద్దరమే మళ్ళీ ఆడి తేల్చుకోవాలి. ఎవరు గెలిచేవారో నాకు తెలుసు, మేడమ్‌కు తెలుసు. సగాయం నన్ను కౌగిలించుకుంది. తిరుగు రైల్లో జామకాయ కోసి నాకు పెద్ద ముక్క ఇచ్చింది. మధ్యమధ్యలో తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకునేది. అలసిపోయిందనుకున్నాను.

అలా నేను ప్రొఫెషనల్ గోల్ఫర్‌నయ్యాను.

ఆ బతుకు గురించి మీకు పెద్దగా తెలియకపోవచ్చు. సోమవారం ప్రయాణం. కొత్త ఊరు, కొత్త నేల. మొదటి రోజుల ఆటలో వెనకబడితే మధ్యలోనే ఇంటికి పంపేస్తారు, దాన్ని కట్ అంటాం. ఇద్దరు ముగ్గురు ఆటగత్తెలం ఒకే గదిలో పడుకుని, ఒకే ఇస్త్రీపెట్టె వంతులేసుకునేవాళ్ళం. కట్ తప్పిన పిల్ల స్నానాలగదిలో నీళ్ళు వదిలి ఏడ్చేది, మాకు వినబడకూడదని. నేనూ అలా ఏడ్చాను. ఉత్తరాదిలో ఒక చలికాలపు పొద్దున, మంచు విడిచాక మొదలైన ఆటలో, మొదటిసారి గెలిచాను. థాయిలాండులో, మలేషియాలో ఆడాను. వానలో తడిసిన పచ్చిక మీద అడుగు పెట్టినప్పుడు, మా నల్లనేల మీద పుట్టిన నాకు, ప్రతిసారీ బూట్లు విడవాలనిపించేది. ఆ ఆట అంటే నాకు ప్రేమ. దొంగిలించిన చోటులో నిలబడి కూడా ప్రేమించాను. ఆ ప్రేమా ఆ దొంగతనమూ పాలూ నీళ్ళలా కలిసిపోయాయి, వేరు చెయ్యడం నాకు చేతకాలేదు.

ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. సగాయం తన మీద తానే శిక్ష వేయించుకున్న సంగతి మా వైపు తమిళ పత్రికలో వచ్చింది. విలేకరులు నన్ను అడిగేవాళ్ళు, మీకు స్ఫూర్తి ఎవరని. నేను ఆమె కథ చెప్పేదాన్ని. ఎవరూ చూడకపోయినా తప్పు ఒప్పుకున్న నా స్నేహితురాలు అనేదాన్ని. ఎవరూ చూడకపోయినా! సభల్లో చప్పట్లు కొట్టేవాళ్ళు. నా గొంతు కూడా వణికేది. ఆ వణుకు నటన కాదు. నిజంగానే ఆమె అంటే నాకు అంత అబ్బురం. అదే నన్ను ఎక్కువ భయపెట్టేది, ఒకే నోరు రెండు పనులూ ఎలా చేస్తుందని.

సగాయం మళ్ళీ పోటీకి రాలేదు. మరుసటి ఏడు మేడమ్ ఫోన్ చేసి పిలిచినా రానందట. ఇంట్లో కష్టం ఉండి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె వ్యాయామ విద్య చదువుకుని, విరుదునగర్‌లో సిస్టర్లు నడిపే ఆడపిల్లల బడిలో పీటీ టీచరైంది. పెళ్ళి చేసుకుంది. నాకు చెప్పాలనిపించినప్పుడల్లా ఒక మాట అడ్డు పెట్టుకునేదాన్ని. ఆమెకు మిగిలింది ఆ నిజాయితీ పేరొక్కటే. నేను నిజం చెబితే ఆ పేరు పోతుంది. చెయ్యని తప్పుకు శిక్ష వేయించుకున్న అమాయకురాలు అవుతుంది. కాబట్టి నేను నోరు మూసుకోవడం ఆమె మంచికే. ఎంత చక్కటి సాకో చూడండి. దాన్ని పట్టుకునే ఇన్నేళ్ళు గడిపాను.

నడుము నొప్పి వల్ల నా ఆట ఆగిపోయింది. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. ఈమధ్య అమ్మను చూడటానికి కోవిల్‌పట్టి వచ్చినప్పుడు సగాయం ఫోన్ చేసింది. మా బడి పిల్లలు నిన్ను చూడాలంటున్నారు, ఒకసారి వచ్చిపో అంది. సాత్తూరు మీదుగా పోయే బస్సెక్కాను. దారి పొడుగునా ఎండిన చేలు చూస్తూ, ఏ కథ చెప్పాలో మనసులో సర్దుకుంటూ కూర్చున్నాను.

బడి మైదానంలో హాకీ కర్రలు పట్టుకుని ఆడపిల్లలు వరసగా కూర్చున్నారు. బడి పెద్ద సిస్టర్ నన్ను పరిచయం చేస్తూ, మీ టీచర్ ఎంత నిజాయితీపరురాలో ఈమె చెబుతుంది అంది. సగాయం మధ్యలో లేచింది. ఆమె తమిళంలో చెప్పింది మీకు తెలుగులో చెబుతాను.

"అందరూ దాన్ని గొప్పగా చెబుతారు. నాకది నచ్చదు. ఈ రోజు నా స్నేహితురాలు ఉంది కాబట్టి ఆమె ముందే చెబుతున్నాను. ఆ రోజు నా చెయ్యి బంతికి తగిలింది, తగిలినట్టు నాకే తెలియలేదు. నాకు మొదటి నుంచీ నమ్మకం ఉన్నది నా చేతుల మీదే. ముఖ్యమైన చోట అవే మొద్దుబారిపోయాయి. తర్వాత ఎప్పుడు క్లబ్ పట్టుకున్నా నా చెయ్యి నాకు తెలియకుండా ఏం చేస్తోందో అని అనుమానం. అందుకే మానేశాను. నిజాయితీ పెద్ద సంగతి కాదు. ఏకాగ్రత పెద్ద సంగతి. అది నేర్చుకోండి."

పిల్లలు తలలు ఊపారు. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

నేను ఆమె దగ్గర నుంచి తీసుకున్నది టూర్‌లో ఒక చోటు అనుకున్నాను. అది పోయినా ఆమెకు పేరు మిగిలిందనుకున్నాను. ఆ పేరును ఆమె ఒక్కరోజు కూడా తన దగ్గర ఉంచుకోలేదు. నెర్రెలో చీకట్లో కూడా తప్పు చెప్పని ఆ వేళ్ళ మీద ఆమెకున్న నమ్మకాన్ని నేను తీసుకున్నాను. ఇన్నేళ్ళూ ఆమె కష్టం అది. పేదరికం కాదు, ఇంటి బరువు కాదు, పెళ్ళి కాదు. నా "లేదు".

ఆ రోజు పిల్లలకు ఏం మాట్లాడానో నాకు తెలియదు. మధ్యాహ్నం ఆమె ఇంటికి తీసుకెళ్ళింది. అన్నం పెట్టింది. తిన్నాక వరండాలో కూర్చుని చేటలో మునగాకు దూస్తోంది. అప్పుడు చెప్పాను. చుట్టూ తిప్పలేదు. నీ సెయ్యి తగల్లేదు సగాయం, నా బండి తగిలింది, నేను సూస్తిని అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. అరిచి ఉంటే బాగుండేది.

"పందు ఎట్ల దిగింది?" అంది. "సూపించు."

అర్థం కాలేదు. ఆమె లేచి లోపలికి పోయి ఒక నిమ్మకాయ తెచ్చింది. చేటలో ఆకంతా ఒకచోటికి కుప్ప చేసి, దాని మీద నిమ్మకాయ పెట్టింది. చక్రం ఒరుసుకున్నట్టు కుప్పను ఒక పక్క నుంచి నెట్టాను. నిమ్మకాయ కొంచెం ఊగి, జారి, ఆకుల్లోకి దిగిపోయింది.

సగాయం ముందుకు వంగి చూసింది. ఇంకొకసారి సూపించు అంది. చూపించాను. తర్వాత కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ముడిచి, విప్పింది.

"నా సెయ్యి కాదు," అంది. నన్ను అడగలేదు. తనకు తాను చెప్పుకుంది.

"నన్ను..." అని ఏదో మొదలుపెట్టాను.

"ఏమీ అడగొద్దు. నువ్వు చుమ్మా, ఊరికే నిలబడి ఉంటివి. నేను అడిగినా లేదంటివి." గొంతు మామూలుగానే ఉంది. "నాకు ఇంకా కోపం రాలే. వస్తుంది. అది వచ్చేటప్పుడు నువ్వు ఈడ ఉండొద్దు. పొద్దున ఆ పిల్లలకు నేను తప్పు కత సెప్పినా. నువ్వే పోయి సరిగా సెప్పి, ఆ తట్టునే బస్సెక్కి పో."

సాయంత్రం పిల్లలు ఆటకు వచ్చారు. నేను వాళ్ళ ముందు నిలబడి తమిళంలో, ఏ వాక్యమూ మెత్తబరచకుండా, అంతా చెప్పాను. బండి, దుబ్బు, ఆమె అడిగిన ప్రశ్న, నా జవాబు, తర్వాత సభల్లో నేను చెప్పుకున్న కథ. ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతె అడిగింది, ఎందుకు చెప్పలేదు మేడమ్ అని. నాకు ఎన్నో జవాబులు వచ్చు. ఏళ్ళ తరబడి తయారు చేసుకున్నవి. "గెలవాలనిపించింది. ఆమె నాకంటే బాగా ఆడటం నాకు ఇష్టం లేకపోయింది," అన్నాను. ఆ పిల్ల కళ్ళు నా మీద నుంచి తప్పుకున్నాయి.

సగాయం ఆ మాటల మధ్యలోనే సామాన్ల గదికి వెళ్ళింది. నేను ఎప్పుడో పంపిన పాత క్లబ్బుల్లో ఒకటి పట్టుకుని వచ్చింది. పిల్లలకు గోల్ఫ్ నేర్పేటప్పుడు మాటల్తో చెప్పేదే తప్ప ఆమె కొట్టగా ఎవరూ చూడలేదట. ఒక బంతి నేల మీద వేసింది. కొట్టింది. బంతి లేవలేదు, మట్టి లేపుకుంటూ దొర్లి ఆగిపోయింది. పిల్లలు నవ్వాపుకున్నారు. ఆమె తానే ముందు నవ్వింది. ఇంకో బంతి వేసింది.

ఈసారి చూపు బంతి మీద, చేతులు వాటి దారిన. నేను ఆట నేర్చుకున్నదాన్ని, నేర్పేదాన్ని. ఆ కదలికలో ఏది ఎక్కడ మొదలైందో, ఏది ఎక్కడ ఆగిందో నాకే పట్టుబడలేదు. బంతి బడి గోడ దాటింది, అవతల బీడు దాటింది, ఇంకా పైనే ఉంది. రెండు జడల పిల్ల నోరు తెరిచి లేచి నిలబడింది. అందరూ లేచారు. సిస్టర్ శిలువ గుర్తు వేసుకుంది. ఇన్నేళ్ళు ఎవరూ తాకని ఒక గొప్ప వస్తువు, తుప్పు పట్టకుండా, ఆ మనిషిలో అలాగే ఉంది. దాన్ని అక్కడ మూసిపెట్టింది నేను. నేను చూస్తుండగానే అది తెరుచుకుంది. సంతోషించే హక్కు నాకు లేదని తెలుసు. అయినా నా కళ్ళు దాని వెంటే పోయాయి.

ఆమె నా వైపు చూడలేదు. ఇంకో బంతి వేసుకుంది. నేను సంచీ తీసుకుని గేటు దాటాను.

ఇది జరిగి కొన్ని నెలలయింది. టూర్ వాళ్ళకు కూడా రాశాను. పాత సంగతి, ఇప్పుడు మార్చేదేమీ లేదని మర్యాదగా జవాబిచ్చారు. అమ్మకు చెప్పాను. అమ్మ, ఆ పిల్ల మనింటికి వస్తే మీ అవ్వ గ్లాసు వేరే పెట్టేది, గుర్తుందా అంది. ఆ రెండింటికీ సంబంధం ఏమిటని నేను అడగలేదు.

సగాయం నన్ను క్షమించలేదు. క్షమిస్తుందని ఎదురు చూడటం కూడా ఇంకోరకం దొంగతనం అనిపిస్తుంది. ఆమె కోపం ఈపాటికి వచ్చే ఉంటుంది. అది నాకు దక్కాల్సిందే. ఇన్నేళ్ళూ ఫోన్‌లో ఆమె పేరు కనబడితే చాలాసార్లు నా చెయ్యి వెనక్కి పోయేది, మోగి మోగి ఆగిపోయాక ఏదో పని మీద ఉన్నానని అబద్ధం రాసి పంపేదాన్ని. ఇప్పుడు ఫోన్ దగ్గరే పెట్టుకుంటున్నాను. తిట్టడానికైనా సరే, ఆమె చేస్తే ఎత్తుతాను. ఇప్పుడు ఎత్తగలను.